హైదరాబాద్ పండగలను పైసా ఖర్చు లేకుండా, తీరిగ్గా చూడాలంటే: అసలు రోజు వదిలేసి ముందో వెనకో వెళ్లండి

ప్రతి ఆషాఢంలో కరీంనగర్ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేస్తుంది. "వదినా, ఈ ఆదివారం లష్కర్ బోనాలకు వస్తున్నం, పొద్దుగాల్నే గుడికి పోదాం" అని. నేను ప్రతిసారీ చెప్పేది ఒక్కటే: ఆదివారం సాయంత్రానికి మా ఇంటికి వచ్చేయండి, రాత్రి పడుకుని సోమవారం పొద్దున్నే బయల్దేరుదాం. మొదటి ఏడాది తనకు ఈ మాట అస్సలు నచ్చలేదు, పండగ ఆదివారమైతే సోమవారం పోయి ఏం చూస్తామంది. సోమవారం పొద్దున రంగం, అంటే అమ్మవారి పేరున చెప్పే భవిష్యవాణి విని, మధ్యాహ్నం ఏనుగు అంబారీ మీద అమ్మవారి ఊరేగింపు చూశాక మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. జనవరి పతంగుల దగ్గర మొదలుపెట్టి దీపావళి తర్వాత వచ్చే సదర్ దాకా, టికెట్ కొనక్కర్లేకుండా చూడగలిగేవి ఇక్కడ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. అయినా చాలామంది ఒక్కసారి వెళ్లి, జనంలో నలిగిపోయి, పిల్లలు ఏడ్చి, ఆటో దొరక్క రెండు గంటలు నిలబడి, ఇక టీవీలో చూడటమే మేలని తేల్చేసుకుంటారు. తప్పు పండగది కాదు, వెళ్లిన గంటది. ఏ పండగైనా ఆ ఒక్క రోజే జరగదు. ముందు వారాల తరబడి తయారీ ఉంటుంది, తర్వాత ముగింపు ఉంటుంది. నన్నడిగితే చూడాల్సింది ఎక్కువగా అక్కడే ఉంది, అదీ మనకు నిలబడే చోటు దొరికే సమయంలో.

ముందు చేయాల్సిన పని, గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి గుర్తులు పెట్టుకోవడం. ఇంగ్లీషు తేదీతో వచ్చేవి కొన్నే, మిగతావన్నీ తిథిని బట్టి జరుగుతుంటాయి. ఆషాఢంలో ఆదివారాలు, గురువారాలు, భాద్రపద శుద్ధ చవితి, అనంత చతుర్దశి, భాద్రపద అమావాస్య, దీపావళి, వీటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టండి. రంజాన్, మొహర్రం నెలవంకను బట్టి ఉంటాయి కాబట్టి వాటికి ఒక రోజు అటూ ఇటూ వదిలిపెట్టుకోవాలి.

ఇక బోనాలు. ఇది ఒక రోజు పండగ అనుకునేవాళ్లే ఎక్కువ, నిజానికి ఆషాఢమాసమంతా నడుస్తుంది. గోల్కొండ కోటలో జగదాంబిక అమ్మవారి దగ్గర మొదలవుతుంది, ఆ తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, అదే లష్కర్ బోనాలు, ఆ తర్వాతి ఆదివారం పాతబస్తీలో లాల్‌దర్వాజ సింహవాహిని. గోల్కొండలో మొదటి రోజు లంగర్‌హౌజ్ నుంచి తొట్టెల, అంటే అమ్మవారికిచ్చే రంగు కాగితాల అలంకారం, ఊరేగింపుగా వస్తుంది, ఆ రోజు కోట కింద కాలు పెట్టే సందు ఉండదు. అయితే గోల్కొండలో నెలంతా గురువారం, ఆదివారం పూజలుంటాయి. మధ్యలో వచ్చే ఏదో ఒక గురువారం ఎంచుకోండి. మూడు వందలకు పైగా మెట్లెక్కాలి కాబట్టి ఎండ ముదరకముందే వెళ్లాలి. నెత్తిన బోనం పెట్టుకుని, పక్కన పిల్లను నడిపించుకుంటూ, మధ్యలో ఒక్కసారి కూడా కుండ దించకుండా ఆ మెట్లన్నీ ఎక్కే ఆడవాళ్లను పక్కనే నడుస్తూ చూడొచ్చు. అసలు రోజున అయితే ముందువాళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు.

దగ్గరగా చూస్తే తెలిసేవి కొన్ని ఉంటాయి. బోనం కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ వేపకొమ్మలు కట్టి, పైన దీపం పెడతారు. లోపల అన్నం, బెల్లం, పాలు ఉంటాయి, కొందరు పెరుగన్నం పెడతారు. బోనం ఎత్తుకున్న ఆడమనిషి గుడి దగ్గరికి వస్తుంటే చుట్టుపక్కల వాళ్లు చెంబుతో ఆమె పాదాల మీద నీళ్లు పోస్తారు. అమ్మవారు ఆమె మీద ఉందని నమ్మకం, ఆ ఉగ్రం చల్లారాలని పోస్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక పెద్దావిడ చెంబు నా చేతికిచ్చి "నువ్వు కూడా పొయ్యి బిడ్డా" అంది. ముక్కూమొహం తెలియని మనిషి పాదాలకు నీళ్లు పోశాను. ఆ తడి పాదాలు, మెట్టెలు, రాతి మీద పారుతున్న పసుపు నీళ్లు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. ఇలాంటివి కావాలంటే పక్కన నిలబడటానికి చోటుండాలి. అందుకే ముందు రోజు, తర్వాతి రోజు అని ఇంత పట్టుబడుతున్నాను.

లష్కర్ బోనాల సోమవారం సంగతి. ఆదివారమంతా బోనాలు సమర్పిస్తారు, లైన్లు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి. సోమవారం పొద్దున రంగం. అమ్మవారి ఎదుట పచ్చి కుండ మీద, అంటే కాల్చని మట్టికుండ మీద నిలబడి ఒక మహిళ రాబోయే ఏడాది గురించి భవిష్యవాణి చెబుతుంది. వానలు ఎలా పడతాయి, రోగాలు వస్తాయా, మీ పూజలు నాకు అందాయా లేదా, ఇవన్నీ ఉంటాయి. గుడి లోపలికి చొరబడాలని చూడకండి, లోపల నిలబడేవాళ్లు ముందే నిండిపోతారు. బయట మైకుల దగ్గర నిలబడితే ప్రతి మాటా వినిపిస్తుంది, చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయే క్షణం కూడా దొరుకుతుంది. తర్వాత అంబారీ ఊరేగింపు, ఫలహారం బళ్లు, అమ్మవారి తమ్ముడి వేషంలో కొరడాలతో ఆడే పోతరాజులు. 1813లో నగరంలో మహమ్మారి వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికుడు సురిటి అప్పయ్య మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెబుతారు. ఈ కథ పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లు చూసే చూపే మారిపోతుంది.

పాతబస్తీకి కూడా ఇదే లెక్క. లాల్‌దర్వాజ ఆదివారం బదులు మర్నాడు ఘటాల, అంటే అమ్మవారి రూపంగా అలంకరించిన కలశాల ఊరేగింపు చూడండి. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది, మిగతా గుళ్ల ఘటాలు కలుస్తాయి, శాలిబండ మీదుగా చార్మినార్ దాటి నయాపూల్ వైపు సాగుతాయి. చార్మినార్ ముందు నుంచి పసుపు కుంకుమల ఘటం వెళ్తుంటే చూడటం ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా కుదరదు. గుల్జార్‌హౌజ్ దగ్గర షాపుల మెట్ల మీద మధ్యాహ్నమే చోటు చూసుకుని కూర్చోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. శిగం, అంటే పూనకం వచ్చి ఊగుతున్న మనిషి ముఖం మీద ఫోన్ పెట్టకండి. ఆమెకది పూజ, మనకు రీలు కాదు. పోతరాజు కొరడా తిప్పుతున్నప్పుడు నాలుగడుగులు వెనక్కి ఉండాలి, పిల్లల్ని ముందుకు తోయకూడదు. బోనంతో ఉన్నవాళ్లను ఫొటో తీయాలంటే కళ్లతో అడిగినా చాలు, తల ఊపితే తీయండి, లేకపోతే ఊరుకోండి.

వినాయక చవితికి ఖైరతాబాద్ పేరు చెప్పనివాళ్లుండరు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ ఎత్తు పెంచుకుంటూ పోయి, 70 ఏళ్ల సందర్భంగా 2024లో 70 అడుగుల విగ్రహం నిలబెట్టారు, 2025లో 69 అడుగులు. దీన్ని పదకొండు రోజుల్లో ఎప్పుడు చూడాలని అందరూ అడుగుతారు. నా జవాబు: పదకొండు రోజులకు ముందే చూడటం మొదలుపెట్టండి. జూన్ ప్రాంతంలో నిర్జల ఏకాదశి రోజు కర్రపూజ చేస్తారు, అక్కడి నుంచి రెండు నెలల పైన పని నడుస్తుంది. ముందు ఇనుప చట్రం, తర్వాత దాని చుట్టూ గడ్డి, గోనెపట్ట, మట్టి, ఆఖర్న రంగులు. శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్ బృందం పరంజీ ఎక్కి పనిచేస్తుంటే రోడ్డు మీద నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మా పిల్లల్ని మూడు వారాలకోసారి తీసుకెళ్లి ఒకే చోట నిలబెట్టి ఫొటో తీసేదాన్ని. మొదటి ఫొటోలో వెనక ఇనుప ఊచలు, చివరి ఫొటోలో గణపతి కళ్లు. ఆ నాలుగు ఫొటోలు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉన్నాయి.

చవితి అయ్యాక వెళ్లాలంటే శని, ఆదివారాలు పూర్తిగా మానేయండి. మామూలు పనిరోజున తెల్లవారుజామున, అయిదున్నర ఆరింటికి వెళ్తే పావుగంటలో విగ్రహం ముందుంటారు. లైట్లు కావాలంటే మాత్రం సాయంత్రమే వెళ్లాలి, అప్పుడు గంటన్నర లైనుకు సిద్ధపడాలి. ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం ధూల్‌పేట వెళ్లండి. ఇళ్ల ముందర, సందుల్లో, టార్పాలిన్ల కింద వందల విగ్రహాలు, సగం రంగులేసినవి, ఇంకా కళ్లు దిద్దనివి. కొనకపోయినా చూడనిస్తారు, కాకపోతే పని చేసేవాళ్ల చేతికి అడ్డం పడకూడదు, ఆరుతున్న బొమ్మను ముట్టుకోకూడదు.

నిమజ్జనానికి వెళ్లి తీరాలనుకునేవాళ్లు ట్యాంక్‌బండ్ మీదకే వెళ్లాలని లేదు. బాలాపూర్ నుంచి బయల్దేరిన ఊరేగింపు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్, అఫ్జల్‌గంజ్ మీదుగా మొజంజాహి మార్కెట్‌కు వచ్చి, అక్కడి నుంచి అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ దాటి హుస్సేన్‌సాగర్ చెరువుకు చేరుతుంది. ఎంజే మార్కెట్ దగ్గర నిలబడితే రకరకాల విగ్రహాలు మన ముందు నుంచే, నెమ్మదిగా, వెలుతురులో పోతాయి. చెరువు దగ్గర అయితే క్రేన్ల వెనక దూరంగా కనపడతాయి. ఖైరతాబాద్ గణపతి మాత్రం పొద్దున్నే కదిలి, ఈ మధ్య ఏళ్లలో మధ్యాహ్నానికే ఎన్టీఆర్ మార్గ్‌లో నిమజ్జనమైపోతున్నాడు, కాబట్టి సాయంత్రం వెళ్లి ఆయన కోసం వెతకకండి. ఆ పొద్దున్నే బాలాపూర్‌లో లడ్డూ వేలం కూడా జరుగుతుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ముందు ఊళ్లోనే వినాయకుణ్ణి తిప్పి, ఆ తర్వాత ఊరి మధ్యలో వేలం వేస్తారు, అందరూ చూడొచ్చు.

నిమజ్జనం రోజు మాకు జరిగింది ఒకటి చెబుతాను. మా వాడికి ఆరేళ్లప్పుడు, డప్పుల గుంపు ఒకటి మా మధ్య నుంచి దూసుకుపోయింది, అది దాటేసరికి చేతిలో వాడి చెయ్యి లేదు. ఫోన్ చేద్దామంటే ఒక్క కాల్ కూడా కలవలేదు, అంత జనంలో సిగ్నల్ ఉన్నట్టే కనపడుతుంది కానీ పని చేయదు. ఇరవై నిమిషాలు. ఎవరో వాలంటీర్లు మైకులో పేరు చదివితే తెలిసింది, మంచినీళ్లు పంచే పందిరి దగ్గర కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఇల్లు కదిలే ముందే పిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో మా ఇద్దరి నంబర్లు రాస్తాను, చెమటకు చెరగకుండా పైన సెల్లోటేప్ అంటిస్తాను. వెళ్లిన చోట ముందుగా ఒక గుర్తు చూపిస్తాను: ఈ పెట్రోల్ బంకు, ఈ బ్యాంకు మెట్లు, విడిపోతే ఇక్కడికే రా, ఇక్కడి నుంచి కదలకు. పెద్దవాళ్లకు కూడా ఇదే చెప్పాలి, మా అత్తయ్య ఒకసారి తప్పిపోయి అలాగే బ్యాంకు మెట్ల మీద ప్రశాంతంగా కూర్చుని దొరికింది.

బతుకమ్మ విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. తొమ్మిది రోజుల పండగను చివరి రోజు సద్దుల బతుకమ్మ కోసం మాత్రమే చూడటం చాలా అన్యాయం. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలవుతుంది, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు, తర్వాత వేపకాయల, వెన్నముద్దల, చివరికి సద్దుల బతుకమ్మ. మొదటి రోజుల్లో మీ కాలనీ గుడి ముందరే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఆడతారు. ఎవరినైనా రానిస్తారు, మాకు రాదు అన్నవాళ్లను చెయ్యి పట్టి లాక్కుంటారు. మా పక్కింటివాళ్లది గుంటూరు, వచ్చిన కొత్తలో పక్కన నిలబడి చూసేవాళ్లు, మూడో ఏడు నుంచి ఆ ఇంటావిడే అందరికంటే పెద్ద బతుకమ్మ పేరుస్తోంది.

ఒక్కసారైనా మీరే పేర్చండి. ముందు రోజు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు వెళ్తే తంగేడు, గునుగు, బంతి, చామంతి కట్టలు కట్టలుగా ఉంటాయి, తెల్లారేకొద్దీ ధర పెరుగుతుంది, పూవు వాడుతుంది. గునుగు పూలను ఇంటికి తెచ్చి, కాడలు ఒకే పొడుగు ఉండేలా కత్తిరించి, చిన్న కట్టలుగా దారంతో కట్టి, గిన్నెలో రంగు నీళ్లు కలిపి తలలు మాత్రమే ముంచి తీసి, పేపర్ మీద పరచాలి. రాత్రంతా ఆరితే తెల్లటి గునుగు గులాబీ, ఊదా రంగులకు మారుతుంది. మర్నాడు తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు చుట్టూ తంగేడు, దాని మీద గునుగు వరస, మళ్లీ బంతి, అలా గుండ్రంగా పైకి పేర్చుకుంటూ రావాలి. మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, అందులో తరిగిన ఆకులు, కాడలు కూరి గట్టిగా ఒత్తకపోతే మూడో వరసకే పక్కకు ఒరిగిపోతుంది. మొదటిసారి నాది అలాగే ఒరిగింది, మా అమ్మ మొత్తం విప్పించి మళ్లీ మొదట్నుంచి పేర్పించింది. పైన పసుపు గౌరమ్మను పెడితే పూర్తయినట్టు. సాయంత్రం చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, ఉయ్యాలో అంటూ తిరిగి, చీకటి పడ్డాక నీళ్లలో వదిలి, తెచ్చుకున్న సద్దులు పంచుకుని తినడం. చివరి రోజు ట్యాంక్‌బండ్ మీద వందల బతుకమ్మలు ఒకేచోట ఉంటాయి, ఒక్కసారి తప్పక చూడాలి. కానీ తొమ్మిది రోజులూ ఆడినవాళ్లు చూసే చూపు వేరు.

దీపావళి అయిన ఒకటి రెండు రోజుల్లో నారాయణగూడ వైఎంసీఏ దగ్గర సదర్. యాదవుల పండగ, దున్నపోతుల్ని అలంకరించి తీసుకొస్తారు. ఒళ్లంతా నున్నగా గొరిగి నూనె పట్టించి, కాళ్లకు గజ్జెలు, మెడలో గవ్వల పట్టీలు, పూలదండలు. హర్యానా నుంచి తెచ్చిన దున్నలైతే మనిషి భుజం కంటే ఎత్తుంటాయి. రాత్రి డీజేలు, టపాసుల మధ్య వాటిని వెనక కాళ్ల మీద నిలబెడుతుంటే ముందు వరసలో పిల్లలతో ఉండటం మంచిది కాదు. దీనికి కూడా నా పద్ధతి అదే: పగలు వెళ్తాను. ముషీరాబాద్ ప్రాంతంలో షెడ్ల దగ్గర ఆ దున్నల్ని కట్టేసి ఉంచుతారు, చూడటానికి జనం వస్తూనే ఉంటారు, వాటి యజమానులు ఏం తినిపిస్తారో ఎంతో ఇష్టంగా చెబుతారు. రాత్రికి నారాయణగూడ మెట్రో స్టేషన్ పక్కనే ఉంది కాబట్టి చివరి రైలు పోకముందే వెనక్కి వచ్చేయొచ్చు.

జనవరిలో పరేడ్ గ్రౌండ్స్‌లో 13 నుంచి 15 దాకా పతంగుల పండగ, ప్రవేశం ఉచితం. పరేడ్ గ్రౌండ్ మెట్రోలో దిగితే చాలు. 13న మధ్యాహ్నం వెళ్లండి, సంక్రాంతి సాయంత్రం వద్దు. మన పిల్లలకు పతంగి కొనేటప్పుడు చైనా మాంజా మాత్రం ముట్టుకోకండి, అది నిషిద్ధం, పిట్టల రెక్కలు, బండి మీద వెళ్లేవాళ్ల గొంతులు తెగుతున్నాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు టికెట్ ఉంటుంది, ఉచితం అనుకుని వెళ్లకండి. జనవరిలోనే జరిగే హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్‌కు మాత్రం డబ్బు కట్టనక్కర్లేదు. మొదటి రోజు శుక్రవారం అయితే రచయితలతో నాలుగు మాటలు మాట్లాడే వీలు కూడా దొరుకుతుంది.

రంజాన్ నెలలో చార్మినార్ రాత్రులు. అందరూ పండక్కి ముందు చివరి రోజుల్లో వెళ్తారు, అప్పుడు మదీనా సెంటర్ నుంచి చార్మినార్ దాకా జనం మోసుకుపోతుంటే పోవడమే. మొదటి పది రోజుల్లో వెళ్లండి. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి, నయాపూల్ దాటి, పత్తర్‌గట్టి మీదుగా నడిచి వెళ్లడమే సరైన దారి. ఇఫ్తార్‌కు అరగంట ముందు చేరితే ఒక దృశ్యం చూస్తారు: అంత రద్దీ రోడ్డు మెల్లగా ఖాళీ అవుతుంది, దుకాణాల ముందు గుడ్డలు పరిచి ఖర్జూరాలు, పళ్ల ముక్కలు సర్దుకుని అందరూ ఎదురుచూస్తుంటారు. సైరన్ మోగగానే అంతా ఒక్కసారి నిశ్శబ్దం. పక్కన నిలబడితే మీ చేతిలోనూ ఒక ఖర్జూరం పెడతారు. తీసుకోండి.

మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు ఏనుగు మీద సాగే బీబీ కా ఆలం (పవిత్ర ధ్వజం) ఊరేగింపు కూడా ఎవరైనా చూడొచ్చు, కానీ అది పండగ కాదు, సంతాపం. మెరిసే బట్టలు వద్దు, నవ్వులు, సెల్ఫీలు వద్దు. రక్తం చిందేలా గుండెలు బాదుకుంటూ మాతం చేసేవాళ్లుంటారు, చిన్నపిల్లల్ని తీసుకెళ్లకపోతేనే మంచిది. దారిలో షర్బత్ ఇస్తే రెండు చేతులా తీసుకోండి.

పండగలు కాకుండా ఇంకొన్ని. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబర్ 19 వారసత్వ వారోత్సవాల మొదటి రోజు. ఈ రెండు రోజుల్లో పురావస్తు సర్వే కట్టడాలకు టికెట్ ఉండదు, అంటే చార్మినార్, గోల్కొండ ఉచితం. ఏప్రిల్‌లో గోల్కొండ రాళ్లు నిప్పుల్లా ఉంటాయి, నా ఓటు నవంబర్‌కే. అలాగే సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్లకు రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. కూచిపూడి, హరికథ, నాటకాలు, పుస్తకావిష్కరణలు, వీటిలో చాలావాటికి డబ్బు అడగరు. తెలుగు పేపర్ల సిటీ పేజీలో ఈ రోజు ఎక్కడ ఏముందో వేస్తారు, అది కత్తిరించి పెట్టుకోండి. మా నాన్నగారు రిటైరయ్యాక వారానికి రెండు సాయంత్రాలు గానసభలోనే గడిపేవారు. ముందు వరసల్లో సీట్లు ఖాళీగా ఉంటాయి, మొహమాటపడకుండా వెళ్లి కూర్చోండి, పాడేవాళ్లకు కూడా సంతోషం.

రావడం పోవడం గురించి. సొంత కారు తీయకండి, ఇది మాత్రం ఖాయంగా పెట్టుకోండి. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి కార్డు చేతిలో ఉండాలి, ఏసీ బస్సులకు, డీలక్స్‌లకు వర్తించదు. ఊరేగింపు రోజుల్లో బస్సుల్ని దారి మళ్లిస్తారు కాబట్టి మెట్రోనే నమ్ముకోండి, నిమజ్జనం లాంటి రోజుల్లో రైళ్లు రాత్రి ఆలస్యంగా కూడా నడుపుతారు, ముందురోజు పేపర్లో చూసుకోవాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి తక్కువే. వెనక పట్టీ ఉన్న చెప్పులు, మామూలు చెప్పులు జనంలో ఊడిపోతే వంగి తీసుకునే అవకాశం ఉండదు. నీళ్ల సీసా, ముందు జేబులో ఫోన్, చిల్లర డబ్బులు. మెడలో గొలుసులు ఇంట్లో పెట్టి వెళ్లండి. తిండి గురించి టెన్షన్ పడకండి, గణపతి మండపాల దగ్గర అన్నదానాలు, బోనాల్లో పులిహోర, దారి పొడవునా మంచినీళ్ల ప్యాకెట్లు. ఆడవాళ్లకు అసలు ఇబ్బంది బాత్రూం. సిగ్గుపడి చాలామంది ఈ మాట చెప్పరు, నీళ్లు తాగడం మానేసి ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. మెట్రో స్టేషన్లలో ఉంటాయి, దిగగానే ఒకసారి వెళ్లి రావాలి, మళ్లీ మూడు గంటల్లోపు స్టేషన్‌కు చేరేలా చూసుకోవాలి. నేను ఎంత దూరం వెళ్లాలన్నది ఈ లెక్కతోనే తేల్చుకుంటాను. గుంపులో ఎవడైనా చెయ్యేస్తే ఊరుకోవద్దు, గట్టిగా అరవండి. ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మఫ్టీలో తిరుగుతుంటాయి, 100కు చేసినా వస్తారు.

తిరుగు ప్రయాణం మొదలుపెట్టాల్సింది కార్యక్రమం అయిపోయాక కాదు, ఇంకో అరగంట ఉందనగా. అలా కుదరకపోతే అందరితోపాటు కదలకండి, పక్క సందులో ఇరానీ హోటల్ చూసుకుని చాయ్ తాగుతూ ముప్పావుగంట కూర్చోండి. ఆటో కావాలంటే ఊరేగింపు దారికి అడ్డంగా ఉన్న రోడ్డు పట్టుకుని ఒక కిలోమీటరు నడిచాక అడగండి, అక్కడే నిలబడి అడిగితే మూడు రెట్లు చెబుతారు. పిల్లలు అప్పటికే నిద్రకు తూగుతుంటారు, అందుకే మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు ఒక పిల్ల చొప్పున లెక్కేసుకుని బయల్దేరతాం, ఒకరి చేతులు నొప్పి పుడితే ఇంకొకరు ఎత్తుకోవడానికి.